ఆరుగురి ప్రాజెక్టు, ఇద్దరి చాకిరీ, అందరికీ ఒకటే మార్కులు. ఈ పట్టిక సార్‌కు పంపాలా వద్దా?

కలువపూలు
బీఏ రెండో సంవత్సరం, కడప జిల్లా. ఈ సెమిస్టర్‌లో మాకు సోషల్ మీడియా మీద ఒక కోర్సు పెట్టారు. సగం పాఠం, సగం ప్రాజెక్టు. ఆరుగురం కలిసి, ఎవరి ఇంట్లో వాళ్లం ఉండి, ఒకే గూగుల్ డాక్స్ ఫైలులో ఒక ఊరి చెరువు గురించి వ్యాసం రాయాలి. మాట్లాడుకోవడానికి వాట్సాప్ గ్రూపు. బాగా కుదిరితే తెలుగు వికీపీడియాలో పెట్టిస్తానన్నారు సార్.

మొదటి రోజు గ్రూపులో 140 సందేశాలు. అందులో 90 గ్రూపుకు ఏం పేరు పెట్టాలి, ఏ బొమ్మ పెట్టాలి అన్నదాని మీదే. రెండో వారానికి నేనూ మా లీడరూ మిగిలాం. ఒకబ్బాయి ఉన్నాడు, ఎవరు ఏం రాసినా కింద ‘సూపర్’ అని పెట్టి పడుకుంటాడు.

నిన్న రాత్రి ఫైలు చరిత్ర తెరిచి, ఎవరి రంగు ఎవరిదో చూసుకుంటూ మార్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టాను. నేను 214. లీడరు 96. నెల్లూరు అబ్బాయి 31. వరంగల్ అమ్మాయి 18. సూపర్ గారు 3. బద్వేలు వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి సున్నా. మార్కులు మాత్రం ఆరుగురికీ సమానం.

పట్టిక తయారుగా ఉంది. సార్‌కు మెయిల్ చేయనా? దీన్నేనా కలిసి పనిచేయడం నేర్చుకోవడం అంటారు?

గోంగూర_పచ్చడి
పంపేయండి. ఆలోచించేది ఏముంది?

నైట్‌షిఫ్ట్
గుంపులో గోవిందా అని ఊరికే అన్నారా? మా ఇంజనీరింగ్ ప్రాజెక్టులో నలుగురం. ఒకడు చివరి రోజు వచ్చి బైండింగ్ ఏ రంగులో వేయించారని అడిగాడు. వైవాలో వాడికే ఎక్కువ మార్కులు వచ్చాయి.

తాడు_లాగుడు
దీనికి నూరేళ్ల కిందటి లెక్కే ఉంది. రింగెల్మాన్ అని ఫ్రాన్స్‌లో ఒక వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగితే నూరు పాళ్లు బలం పెడతాడనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు తలకు సగం కూడా పడలేదు. అంతా బద్ధకమే అనలేదు ఆయన. ఒకడు లాగే క్షణంలో పక్కవాడు ఊపిరి తీసుకుంటాడు, అందువల్ల కూడా బలం వృథా పోతుంది. బద్ధకం పాలు ఎంత, పొంతన కుదరని పాలు ఎంత అని విడదీసే ప్రయోగాలు అమెరికాలో 1970లలో జరిగాయి. రెండూ ఉన్నాయని తేలింది.

మీ సూపర్ గారు మొదటి రకం. మిగతావాళ్లు రెండో రకమేమో చూడండి.

గోంగూర_పచ్చడి
@తాడు_లాగుడు మీ పేరుకు తగిన ఉదాహరణే దొరికింది మీకు.

తాడు_లాగుడు
పేరు పెట్టుకుందే దీన్ని చదివాక.

డీటీపీ_బాబాయి
అమ్మాయీ, 214 మార్పులు అన్నావు. ఏమేం మార్పులు?

కలువపూలు
రాయడం, దిద్దడం, అన్నీ కలిపి బాబాయి గారూ.

డీటీపీ_బాబాయి
అన్నీ కలిపి అనే మాట మా దగ్గర చెల్లదు. ఇరవై రెండేళ్లుగా పక్కవాళ్ల రాతలు టైపు చేస్తున్నాను. శీర్షిక లావు చేయడం ఒక మార్పు, సన్నం చేయడం ఇంకో మార్పు. విడదీసి చెప్పు.

నైట్‌షిఫ్ట్
బాబాయి అడిగింది న్యాయమే. మా ఆఫీసులో ఒకసారి ఎవరు ఎన్ని లైన్లు రాశారో చూసి పనితనం కొలుద్దామన్నారు. ఆ నెల మా అందరిలోకీ పనికొచ్చే పని చేసినాయన 400 లైన్లు తీసిపారేసి ప్రోగ్రాం వేగం పెంచాడు. లెక్క ప్రకారం ఆయనది మైనస్ 400! మరుసటి నెల నుంచి అందరం ఖాళీ లైన్లు కొట్టడం నేర్చుకున్నాం.

కలువపూలు
సరే, మళ్లీ చూశాను. దాచడం ఎందుకు. 214లో అరవై పైచిలుకు ఫాంటు, రంగు, పేరాల మధ్య ఖాళీ. శీర్షికను ఆకుపచ్చ చేసి, నీలం చేసి, మళ్లీ ఆకుపచ్చ చేశాను. ఇంకో నలభై అక్షరదోషాలు. అయినా మిగిలింది నూరు దాటుతుంది కదా. సున్నా కంటే నూరు ఎక్కువే కదా.

ఆముదాలవలస_అద్దెకొంప
ఫాంటుకు నూరేళ్లు, వ్యాసానికి వారం.

లెక్చరర్_ఒకడు
ఎవరో ఏ కాలేజీయో నాకు తెలియదు. మార్కులు వేసే చేతి వైపు నుంచి ఒక మాట. నాకు అరవై మంది పిల్లలు, పది గ్రూపులు. గ్రూపుకు ఒకటే మార్కు వేస్తున్నామంటే అదే న్యాయమని నమ్మి కాదు. మరో కొలత చేతిలో లేక. ఒక ఏడాది ఫైలు చరిత్ర చూసి మార్కులు వేస్తానని ముందే చెప్పాను. రాసిన పేరా కోసి, మళ్లీ అతికించి, మళ్లీ కోసి... ఒక కుర్రవాడు ఒకే వాక్యాన్ని పదిహేడుసార్లు అతికించాడు. వాక్యం బాగానే ఉంది, అది వేరే సంగతి.

కలువపూలు
అయితే ఏం చేస్తున్నారు సార్ ఇప్పుడు?

లెక్చరర్_ఒకడు
చివరి రోజు తెల్లకాగితం ఇచ్చి, పెన్నుతో అరపేజీ రాయమంటాను. ‘మీ వ్యాసంలో మీరు రాయనిది, పక్కవాళ్లు రాస్తేనే మీకు తెలిసినది ఏమిటి?’ ఇదొక్కటే ప్రశ్న. ఫైలు తెరవనివాళ్లు అక్కడే దొరికిపోతారు. ఎక్కువ రాసినవాళ్లు కూడా కొందరు దొరికిపోతారు. తాము రాసింది తప్ప ఇంకేదీ చదివి ఉండరు.

గోంగూర_పచ్చడి
అమ్మో. ఇది నాకు తగిలింది.

పాత_మోడెం
మీ కష్టాలు చూస్తుంటే మా కష్టాలు గుర్తొస్తున్నాయి. 1990లలో అమెరికాలో చదువుకునే రోజుల్లో యూజ్‌నెట్ అని, కంప్యూటర్లలో రాతతో చర్చించుకునే చోటు ఉండేది. అందులో మన తెలుగువాళ్లకు ఒక చర్చాబృందం. తెర మీద తెలుగు అక్షరం లేదు. రైస్ విశ్వవిద్యాలయంలో మనవాళ్లు చేసిన ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో రోమను అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లం. పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ అర్థం మారిపోతుంది. ఒక పద్యం ఒకరు ఎక్కిస్తే, పాఠం తప్పని ఇంకొకరు, యతి కుదరలేదని మరొకరు, రెండు వారాలు అదే పద్యం. కొట్టుకున్నట్టే ఉండేది. పద్యం మాత్రం శుభ్రపడేది.

మార్కులు లేవు కాబట్టి ఎవరెన్ని అని ఎవరూ లెక్కపెట్టలేదు.

నైట్‌షిఫ్ట్
@పాత_మోడెం మార్కులు లేకపోయినా పేరు ఉంది కదండీ. యతి తప్పు పట్టినాయనకు ఆ వారమంతా పండగే అయి ఉంటుంది.

పాత_మోడెం
ఒప్పుకుంటాను. ఆ పట్టినవాణ్ణి ఒకటి రెండుసార్లు నేనే.

అనంతలో_ఒకడు
పాఠం సంగతి ఎవరూ అడగలేదు. ఈ కోర్సులో పాఠం ఏం చెబుతున్నారు?

కలువపూలు
నోట్సు ఇచ్చారు. సోషల్ మీడియా నిర్వచనం, లక్షణాలు ఏడు, లాభనష్టాలు. ఉదాహరణల్లో ఆర్కుట్, గూగుల్ ప్లస్ ఉన్నాయి.

అనంతలో_ఒకడు
ఆర్కుట్ 2014లో మూతపడింది! గూగుల్ ప్లస్ 2019లో పోయింది. మీకు చెబుతున్నది సోషల్ మీడియా కాదమ్మా, పురావస్తుశాస్త్రం.

ఆముదాలవలస_అద్దెకొంప
ఆర్కుట్ అనకండి, కళ్లు చెమ్మగిల్లుతాయి. నా గురించి మిత్రులు రాసిన మంచి మాటలన్నీ అందులోనే పోయాయి. మళ్లీ ఎవరూ రాయలేదు.

కలువపూలు
అసలు గొడవ ఇంకోటి ఉంది, చెబితే నవ్వుతారు. చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే చోటు ఉంటుంది కదా. మా వైపు దాన్ని మరువ అంటాం. నేను మరువ అని రాశాను. నెల్లూరు అబ్బాయి కలుజు అని మార్చాడు. నేను మళ్లీ మరువ చేశాను. మర్నాడు చూస్తే మత్తడి! వరంగల్ అమ్మాయి. మూడు రోజులు ఇదే సాగింది. ఆ అబ్బాయి 31 మార్పుల్లో సగం, ఆ అమ్మాయి 18లో చాలా భాగం ఈ ఒక్క మాటే.

గోంగూర_పచ్చడి
అలుగు అండీ. అలుగు అంటే అందరికీ అర్థమవుతుంది.

అనంతలో_ఒకడు
ఎవరికి అర్థమవుతుంది? మా ఊళ్లో చెరువు మరువ పారిందంటే ఊరంతా పోయి చూస్తారు. అలుగు పారిందంటే ఎవరిదో ఇంటిపేరు అనుకుంటారు.

ఓరుగల్లు_రాయి
మత్తడి అన్న మాటలో నీళ్ల చప్పుడు వినిపిస్తుంది. మత్తడి దుంకింది అంటారు మా దగ్గర. పారింది అంటే సరిపోదు.

నెల్లూరు_చేపలపులుసు
కలుజును వదిలిపెట్టేది లేదు. ఆ అబ్బాయికి నా మద్దతు.

డీటీపీ_బాబాయి
అమ్మాయి ఏమో ఆరుగురిలో ఎవరూ పనిచేయలేదని వచ్చింది. ఇక్కడేమో నాలుగు జిల్లాలు ఒక్క మాటకు లేచి కూర్చున్నాయి. పనిచేయకపోవడం ఇది కాదు.

మొలకల_మాస్టారు
తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను, కాబట్టి ఇది నా పేటలో తగాదా. ఆ వికీపీడియా మొదలైంది 2003 డిసెంబరులో. అప్పటి నుంచీ ఇలాంటి తగవులకు అక్కడ ఒక చోటు ఏర్పాటై ఉంది. ప్రతి వ్యాసానికీ వెనక ‘చర్చ’ అని ఇంకో పేజీ ఉంటుంది. మాట మార్చేవాడు ఎందుకు మారుస్తున్నాడో అక్కడ రాసి, చివర నాలుగు టిల్డేలు (~ గుర్తులు) కొడితే సంతకమూ తేదీ పడతాయి. వ్యాసంలో కొట్టుకోకుండా వెనక పేజీలో కొట్టుకోవాలన్నమాట. వ్యాసాన్ని పాడు చేస్తామని భయమైతే ‘ప్రయోగశాల’ ఉంది, అక్కడ ఎంత గీసినా ఎవరూ ఏమీ అనరు. అందరికీ సంబంధించిన విషయమైతే ‘రచ్చబండ’.

మీ గూగుల్ ఫైలులోనూ పక్కన వ్యాఖ్య పెట్టే వీలుంది. నేరుగా మార్చకుండా ‘ఇలా మారిస్తే బాగుంటుంది’ అని సూచనగా ఉంచే పద్ధతీ ఉంది. మూడు రోజుల్లో ఒక్కరైనా ఒక్క వ్యాఖ్య రాశారా?

కలువపూలు
లేదు. మార్చేసి ఊరుకోవడమే. వాట్సాప్‌లో అడగవచ్చు కానీ అక్కడ గుడ్‌మార్నింగ్ పూలబొమ్మల కింద ఏదీ కనిపించదు.

ఆ మాట సంగతి ఇలా చేస్తే? మొదటిసారి మరువ అని రాసి, దీన్నే కలుజు, అలుగు, మత్తడి అని కూడా అంటారని ఒక వాక్యం?

ఓరుగల్లు_రాయి
మొదట మత్తడి రాస్తే నాకు అభ్యంతరం లేదు.

మొలకల_మాస్టారు
చెరువు కడపది. ఆ ఊరి మాటే ముందు. మిగతావి వెంట.

డీటీపీ_బాబాయి
నెల్లూరు అబ్బాయి మొదట్లో రాసినవి ఏమైనా పోయాయా? ఎందుకు అడుగుతున్నానంటే, మా సెంటర్‌కు పిల్లలు అను ఫాంట్లలో టైపు చేయించిన పేజీలు పట్టుకెళ్లి గూగుల్‌లో అతికించి, అంతా చెత్త వచ్చిందని తిరిగొస్తుంటారు. అను ఫాంటులో తెర మీద కనిపించేది ‘క’. లోపల కంప్యూటర్ దాచుకున్నది ఏదో రోమను గుర్తు. ఫాంటు తీసేస్తే ముసుగు జారిపోతుంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత వరుస ఉంది, అక్కడ ‘క’ ఎక్కడికి పోయినా ‘క’యే.

కలువపూలు
అయ్యో. మొదటి వారంలో రెండు పేజీల పిచ్చిరాత అతికించాడు. డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ. ఫైలు పాడుచేస్తున్నాడని నేనే తీసేశాను. వాళ్ల మామయ్యకు డీటీపీ సెంటర్ ఉంది.

డీటీపీ_బాబాయి
నా దగ్గరికి పంపు. మార్చే ప్రోగ్రాం ఉంది, పది నిమిషాల పని. అర్ధానుస్వారాలు, ఒత్తులు కొన్ని చేత్తో దిద్దుకోవాలి. మామయ్యకు నా నమస్కారం చెప్పు, మా జాతివాడు.

గోంగూర_పచ్చడి
పట్టికలో ఒక్కో గడీ కూలిపోతోంది. అసలు పంపారా లేదా?

కలువపూలు
ఇంకా లేదు. సున్నా మాత్రం సున్నాయే కదా!

ఇంకో తలనొప్పి. ఎవరో బయటివాళ్లు మా ఫైలులోకి వస్తున్నారు. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పైన మూల ‘అనామక కపిబారా’ అని ఒక గుండ్రటి బొమ్మ కనిపిస్తుంది. మధ్యలో ఏవో వాక్యాలు చేర్చి వెళ్లిపోతుంది. చరిత్రలో చూస్తే అనామక వాడుకరి. నేను రోజూ పాత కూర్పును తిరిగి తెచ్చేస్తున్నాను. దీన్ని ఆపడం ఎలా?

నైట్‌షిఫ్ట్
లింకు ఉన్నవాళ్లెవరైనా మార్చవచ్చు అని తెరిచి పెట్టి ఉంటారు. ఖాతాతో లోపలికి రాకుండా లింకు మాత్రమే తెరిచినవాళ్లకు గూగుల్ ఇలా జంతువుల పేర్లు ఇస్తుంది. షేరింగ్‌లోకి వెళ్లి ఆరు మెయిల్ చిరునామాలకే అనుమతి ఇవ్వండి. కపిబారా ఔట్.

ఆముదాలవలస_అద్దెకొంప
కపిబారా అంటే?

పాత_మోడెం
దక్షిణ అమెరికా జంతువు. ఎలుక జాతిలో అన్నిటికంటే పెద్దది. నీళ్లలోనే ఎక్కువ ఉంటుంది. ఎవరి జోలికీ పోదని పేరు.

ఆముదాలవలస_అద్దెకొంప
చెరువు వ్యాసానికి సరిగ్గా సరిపోయింది.

నల్లరేగడి
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. అనుమతులు మూసే ముందు ఒక సంగతి. కపిబారా ఏం రాసింది?

కలువపూలు
చూడలేదు సరిగా. ఉండండి, చరిత్రలో ఉంటుంది. ఇదిగో, నిన్నటిది:

‘తూము రాతి మీద ఉలితో చెక్కిన గీతలు మూడు ఉన్నాయి. సంక్రాంతి నాటికి నీళ్లు మూడో గీత మీద ఉంటే రెండో పంటకూ వరి వేస్తారు. రెండో గీత అయితే ఒక పంటే. మొదటి గీతకు దిగితే వరి లేదు, ఆరుతడి పైర్లే. గీత చూసి ఊరికి చెప్పేది నీరుగంటి. ఆయనకు జీతం లేదు, కళ్లంలో ఇంటికి ఇన్ని చేటల గింజలు కొలుస్తారు. ఇప్పటి నీరుగంటికి డెబ్బై దాటాయి. కొడుకు బెంగళూరులో ఉన్నాడు. తర్వాత గీతలు ఎవరు చూస్తారో తెలియదు.’

నల్లరేగడి
దాని చోట మీరు తిరిగి తెచ్చిన వాక్యం?

కలువపూలు
‘ఈ చెరువు వల్ల రైతులకు ఎంతో ఉపయోగం కలుగుతోంది.’

గోంగూర_పచ్చడి
...

డీటీపీ_బాబాయి
అమ్మాయీ.

నల్లరేగడి
బయటివాళ్లకు తూము మీద గీతలు ఎన్నో తెలియవు. ఊళ్లో ఉన్న మనిషి, లేదా ఊళ్లో తిరిగి అడిగిన మనిషి. మీ ఆరుగురిలో ఆ చెరువుకు దగ్గర ఊరు ఎవరిది?

నైట్‌షిఫ్ట్
నాలుగున్నర అన్నారు. కాలేజీ వదిలాక, బస్సు ఎక్కే ముందు.

ఓరుగల్లు_రాయి
అరె.

తాడు_లాగుడు
అమ్మాయి జవాబు ఇవ్వడం లేదు. వెళ్లి అడుగుతోందేమో.

అనంతలో_ఒకడు
ఈలోగా లెక్క చూద్దాం. ఆరుగురికే ఇంత గందరగోళం. వాట్సాప్ గ్రూపులో 1,024 మందిని చేర్చుకోవచ్చు అన్నారు 2022లో.

మొలకల_మాస్టారు
చెరువుల మాట, మందితో పని మాట రెండూ వచ్చాయి కాబట్టి. మీ జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. శాసనం 1369 నాటిది, శాసనాలను అచ్చు వేసే ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో అచ్చయింది. వెయ్యి మంది కూలీలు రోజూ పనిచేస్తే, గోడకూ తూముకూ రాయి మోయడానికి నూరు బళ్లు తిరిగితే, రెండేళ్లకు పూర్తయిందని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెరువుకు వచ్చే దోషాలు ఆరు అని కూడా చెక్కారు. కట్ట నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం.

నైట్‌షిఫ్ట్
రెండు రాజ్యాల సరిహద్దు! ఫైలు ఒకరి ఖాతాలో, దాని నకలు ఇంకొకరి ఖాతాలో, ఇద్దరూ వేర్వేరుగా దిద్దుకుంటూ... ఆ శిల్పికి మా ఆఫీసు సంగతి ముందే తెలుసు.

గోంగూర_పచ్చడి
నడుమ మిట్ట అంటే సూపర్ గారు.

ఆముదాలవలస_అద్దెకొంప
వెయ్యి మందీ రెండేళ్లలో పూర్తి చేశారంటే వాళ్లకు గ్రూపు లేదు. ఉంటే గ్రూపు పేరు దగ్గరే రెండేళ్లు అయ్యేవి.

కలువపూలు
వచ్చాను. అడిగాను. తనే, బద్వేలు బస్సు అమ్మాయి.

ఇంట్లో ఒకటే ఫోను, నాన్న పనికి తీసుకుపోతాడు, రాత్రి తొమ్మిదికి గాని రాదు. వాట్సాప్ కూడా ఆయన నంబరు మీదే. అందుకని బస్సు వచ్చేదాకా బస్టాండు పక్క నెట్ సెంటర్‌లో అరగంట కూర్చుంటుంది. అక్కడి కంప్యూటర్‌లో ఖాతా తెరవవద్దని ఆ సెంటర్ ఆయనే చెప్పాడట, ఎవరిదో పాస్‌వర్డు పోయి గొడవైందని. లింకు ఒక కాగితం మీద రాసుకుని, చూసి అక్షరం అక్షరం కొడుతోంది. ఆ లింకు ఎంత పొడవుంటుందో మీకు తెలుసు. ఆదివారాలు రెండు చెరువు మీదే ఉంది, నీరుగంటి తాతతో.

నేను రోజూ తీసేస్తున్నది నేనే అని చెప్పాను. ‘నీకు నచ్చలేదేమో అనుకున్నాను, అందుకే మర్నాడు ఇంకొంచెం వివరంగా రాశాను’ అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అనంతలో_ఒకడు
మంచి అమ్మాయే. కానీ ఒక్క మాట చెప్పి ఉండవలసింది కదా, ఆ కపిబారా నేనే అని. ఎదురుగా ఒకే తరగతిలో కూర్చుంటారు! తప్పంతా కలువపూలు మీద వేయడం న్యాయం కాదు.

కలువపూలు
చెప్పింది. అదే. నాన్న ఫోనులోంచి గ్రూపులో పెట్టింది, రెండో శనివారం రాత్రి: ‘నేను ఫైలులో రాశాను, చూడండి.’ ఇప్పుడు వెతికితే దొరికింది. దాని పైన పూలబొమ్మలు, కింద ముప్పై ఏడు స్టిక్కర్లు. తన కింద ‘సూపర్’ కూడా ఉంది.

గోంగూర_పచ్చడి
సూపర్ గారు అప్పుడైనా చదివారా?

కలువపూలు
లేదట. అలవాటు మీద నొక్కాడట. అతని 3 మార్పులూ చూశాను. మూడూ తన పేరు స్పెల్లింగ్ సరిచేసుకున్నవి. అతని విషయంలో నా అభిప్రాయం మారలేదు.

లెక్చరర్_ఒకడు
మీ సార్‌కు పంపదలిస్తే పట్టిక కాదు, ఈ కథ పంపండి. ఆయన నా లాంటివాడైతే చదువుతాడు. ఎలాగూ సూపర్ గారు మూడు అక్షరాల మనిషిగా తేలిపోతాడు.

తాడు_లాగుడు
@లెక్చరర్_ఒకడు అదే మీతో నాకున్న పేచీ. ఈ అమ్మాయి పని బయటపడడానికి డజను మంది ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక పూట కూర్చోవలసి వచ్చింది. ప్రతి గ్రూపుకూ ఇలా ఎవరు కూర్చుంటారు? ఫోను లేని పిల్లకూ ఉన్న పిల్లకూ ఒకే పని ఇచ్చినప్పుడే ఆ సంగతి చూసుకోవాలి కదా.

లెక్చరర్_ఒకడు
కాదనను. నేను ఎప్పుడూ అడగలేదు ఎవరింట్లో ఎన్ని ఫోన్లని. ఈ సోమవారం అడుగుతాను.

నల్లరేగడి
ఆ నీరుగంటి భాగం వికీపీడియాలో పెట్టవచ్చా మాస్టారూ?

మొలకల_మాస్టారు
అడుగుతారని భయపడుతూనే ఉన్నాను. కుదరదు. అక్కడ ఏ మాటకైనా ఎక్కడో అచ్చయిన ఆధారం చూపాలి. తాత చెప్పాడు అంటే చాలదు, అది సొంత పరిశోధన కిందికి వస్తుంది. నియమం మంచిదే, లేకపోతే ఎవరి తాత చెప్పింది వాళ్లు రాస్తారు. ఇలాంటి చోట మాత్రం నాకూ మింగుడు పడదు.

చేయగలిగినవి చెబుతాను. ఆ ఊరి వ్యాసం ఇప్పటికే ఉండి ఉంటుంది, చాలా ఊళ్లకు 2011 జనగణన లెక్కలతో ఉన్నాయి. నీటిపారుదల అన్న చోట చెరువు పేరు చేర్చండి, ఆయకట్టుకు ఆధారం దొరికితే అదీ. తూము మీది మూడు గీతల ఫొటో మీరే తీసి, వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌కు ఎక్కించండి. మీరు తీసిన ఫొటో మీ సొంతం, ఎవరినీ అడగనక్కర లేదు. తాత మాటలు ఏదైనా పత్రికకు వ్యాసంగా పంపండి. అచ్చయితే అప్పుడు నేనే వచ్చి దాన్ని ఆధారంగా చేరుస్తాను.

పాత_మోడెం
పత్రికకు పంపేటప్పుడు పేరు ఎవరిది వేస్తారు?

కలువపూలు
తనదే. అది అడగక్కర లేదు. వెంట తాత పేరు వేయాలంటోంది తను, ఆయన్ను అడిగి.

డీటీపీ_బాబాయి
టైపు నాది. డబ్బులు వద్దు.

ఓరుగల్లు_రాయి
అందులో మత్తడి అన్న మాట ఒక్కసారైనా రావాలి.

నెల్లూరు_చేపలపులుసు
మత్తడి వస్తే కలుజు రావాలి.

గోంగూర_పచ్చడి
పట్టిక ఏం చేశారు మరి?

కలువపూలు
ఉంది. కొత్త గడులు పెట్టి రాద్దామనుకున్నాను, ఎవరు ఏ ఊరు వెళ్లారు, ఎవరిని అడిగారు అని. నా గడి ఎదుట రాయడానికి ఏమీ లేదు. నేను ఇప్పటిదాకా ఆ చెరువు చూడలేదు. గూగుల్ మ్యాప్‌లో చూశాను. ఈ ఆదివారం వెళ్తున్నాం, నలుగురం. నెల్లూరు అబ్బాయి కెమెరా తెస్తానన్నాడు. లీడరుకు పెళ్లి ఉందట. సూపర్ గారు సూపర్ అన్నాడు.

నల్లరేగడి
వెళ్లినప్పుడు తాతను ఒకటి అడగండి. మూడో గీత మునిగేంత నీళ్లు ఈమధ్య ఎప్పుడు వచ్చాయని.

కలువపూలు
అది తను ఇదివరకే రాసింది, గురువారం కూర్పులో. నివర్ తుఫాను ఏడాది, 2020 నవంబరు. దాన్నీ తీసేసినట్టున్నాను. వెతికి తిరిగి తెస్తాను.

లింకు మూయలేదు. ఇప్పుడు టైము నాలుగు ముప్పై రెండు. పైన మూల కపిబారా వచ్చింది.